వక్కిలేరు మాకిచ్చిన నేల

శనివారం బడి ఒంటిపూటే. బెల్లు కొట్టగానే నేనూ, మా తెలుగు సారూ నంద్యాల బస్టాండుకు నడిచిపోయి ఆళ్లగడ్డ బస్సెక్కేవాళ్ళం. నేను సోషల్ చెబుతాను. ఆయనది అహోబిలం గుడిలో తరతరాలుగా సేవ చేసుకుంటున్న ఇల్లు. అన్న ఇప్పటికీ గుడిలోనే ఉన్నాడు. అందుకే స్టాఫ్ రూములో అందరూ ఆయన్ని సామీ అని పిలుస్తారు. నాకూ అదే అలవాటైపోయింది. మాది మా తాత కాలం నుంచి చర్చికి పోయే ఇల్లు. కానీ మమ్మల్ని కలిపింది బడి కాదు, వక్కిలేరు. ఆళ్లగడ్డ అవతల ఆ వాగుకు దక్షిణపు గట్టున మా పొలం, సరిగ్గా దానికెదురుగా ఉత్తరపు గట్టున వాళ్ళ పొలం.

మా పొలం చూసుకునేది మా అక్కా బావా. నేను నెలకు రెండు మూడు సార్లు పోయి గట్టు మీద నిలబడి, అక్క చేతి అన్నం తిని, ఏదో ఒక సలహా ఇచ్చి వచ్చేవాణ్ణి. ఆ సలహాలు ఆమె ఎప్పుడూ పాటించలేదు. అవతలి గట్టున సామి వాళ్ళ వదిన పూలతోట పెంచేది. చామంతి, కనకాంబరం, గట్టు పొడుగునా తులసి. పొద్దున కోసిన పూలు గంపల్లో ఆటో ఎక్కి ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం గుళ్ళకు పోయేవి. మిగిలినవి ఆళ్లగడ్డ పూలంగళ్ళకు. చలికాలంలో మా గట్టున నిలబడి చూస్తే అవతల పసుపు దుప్పటి ఆరేసినట్టుండేది.

ఒకసారి బస్సు శిరివెళ్ళ దాటినాక సామి కిటికీలోంచి నల్లమల వైపు చూస్తూ అడిగాడు.

"అప్పా, సముద్రం తూర్పునుండాది గదా. మన వాగులన్నీ కొండలో పుట్టి పడమటికి యాడికి పోతాండాయి? సముద్రానికి వీపు చూపిచ్చి?"

సోషల్ సారుకు ఇంతకన్నా మంచి ప్రశ్న ఏముంటుంది? నా అరచెయ్యి దోసిలిలా వంచి ఆయన ముందు పెట్టాను. ఒక అంచు నల్లమల, రెండో అంచు ఎర్రమల, మధ్యలో గుంట కుందూ నది. ఈ కొండ మీద పడిన వాన ముందు గుంటలోకి జారాలి, అంటే పడమటికి దిగాలి. ఆ గుంట మొత్తం దక్షిణానికి వాలి ఉంది కాబట్టి కుందూ దాన్ని తీసుకుపోయి పెన్నలో కలుపుతుంది. పెన్న కొండల మధ్య సందు చూసుకుని తూర్పుకు పోతుంది.

"అంటే పోయేది సముద్రానికే. చుట్టు తిరిగి," అన్నాడు సామి.

"చుట్టు అని మనకనిపిస్తాది. నీళ్ళకు సముద్రం యాడుండాదో ఏం తెలుసు సామీ? ముందర ఏది పల్లమో అదొకటే తెలుసు."

ఆయనకా మాట బాగా నచ్చింది. సోమవారం నన్ను తన క్లాసులోకి పిలిచి పిల్లలకు మళ్ళీ చెప్పించాడు. ఇంకో సారు సబ్జెక్టుకు అంత మర్యాద ఇచ్చే మనిషిని నేను మరొకరిని చూడలేదు.

ఆ ఏడు వాన గట్టిగా పట్టింది. నంద్యాలలో మద్దిలేరు పొంగి కింది వీధుల్లోకి నీళ్ళొచ్చాయి, బడికి సెలవిచ్చారు. నేను ఇంట్లో కిందున్న సామాన్లన్నీ మంచం మీదికి ఎత్తుతుంటే అక్క ఫోన్ చేసింది. వాగు చాలా పెద్దగా వస్తోందట, గట్టు నిలిచేలా లేదట. మోటారు విప్పుకుని వచ్చేశారట.

"మీరు బాగుండారు గదా? పొలం పోతే పోయింది," అన్నాను.

"నీకేమప్పా, జీతం. పోతే పోయిందంటావ్," అని పెట్టేసింది.

మరుసటి రోజు వాన తెరిపిచ్చింది. బస్సులు తిరుగుతున్నాయని తెలిసి బస్టాండుకు పోతే సామి అప్పటికే అక్కడున్నాడు. ఆయనకు వాళ్ళ అన్న ఫోన్ చేశాడట. రోడ్డుకు రెండు పక్కలా వరి మునిగి, ఆకుల కొసలు మాత్రం నీళ్ళ మీద కనిపిస్తున్నాయి. నేను లోలోపల ప్రార్థన చేసుకుంటున్నాను. మా పొలం కాపాడు తండ్రీ అనే చేసుకున్నాను. పక్కన కూర్చున్న మనిషి పొలం కూడా అదే వాగు మీదుందన్న సంగతి ఆ ప్రార్థనలో నాకు గుర్తుకు రాలేదు.

ఆళ్లగడ్డలో ఆటో మాట్లాడుకుని ముందు మా గట్టుకే పోయాం, దారి అటే ఉంది కాబట్టి. మా పొలం నిలిచే ఉంది. నిలవడమే కాదు, పెరిగింది. మామూలుగా వాగు మా గట్టునే ఒరుసుకుంటూ పారేది. ఇప్పుడు గట్టు కింద నుంచి వాగు నడుమ దాకా కొత్త ఒండ్రు నేల, తడి తడిగా, వేళ్ళతో అలికినట్టు గీతలు గీతలుగా పరుచుకుని ఉంది. దాని మీద కొంగలు తిరుగుతున్నాయి. అక్కడినుంచి కళ్ళెత్తి అవతలికి చూశాను. గట్టు లేదు. తులసి లేదు. తోటలో ముప్పాతిక లేదు. నిన్నటిదాకా చామంతి ఉన్న చోట వాగు పారుతోంది. నిలువుగా కోసిన మట్టి అంచు మీద వాళ్ళ మోటారు గది సగం గాలిలో వేలాడుతోంది.

సామి చెప్పులు విడిచి మా గట్టు మీద అట్లాగే నిలబడిపోయాడు. అవతల అంచు దగ్గర వాళ్ళ వదిన వంగి, బురదలోంచి చామంతి మొక్కలు వేళ్ళతో సహా ఏరి గంపలో వేసుకుంటోంది. తోట పోయాక నాలుగు మొక్కలు ఏరుకోవడమెందుకో అప్పుడు నాకర్థం కాలేదు. మళ్ళీ నాటుకోవాలి కదా మరి.

వంతెన మీదుగా చుట్టు తిరిగి అవతలికి పోయేసరికి మధ్యాహ్నమైంది. ఆమె మమ్మల్ని చూసి లేచి కొంగుతో చేతులు తుడుచుకుంది. నన్నడిగింది, "మీ అక్కా వాళ్ళది బాగుండాదా అన్నా?"

"బాగుండాదమ్మా," అన్నాను. ఆ మాట అనడానికి అంత సిగ్గేస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

సామి అంచు దగ్గరికి పోయి, నీళ్ళను చూస్తూ అడిగాడు. "ఎందుకప్పా ఇటే వచ్చినాది? మావాళ్ళు ఎప్పటినుంచో ఈడ సేద్యం చేస్తాండారు. ఎప్పుడూ రాలేదు."

కారణం నాకు తెలుస్తూనే ఉంది. కొంచెం ఎగువన, మా వైపు మలుపు దగ్గర, నల్లమలలో ఎక్కడో కూలిన పెద్ద మద్ది చెట్టొకటి కొట్టుకొచ్చి వేర్లతో సహా గట్టుకు తట్టుకుని ఉంది. వరద దాన్ని కొట్టి వంపు తిరిగి నేరుగా వాళ్ళ గట్టు మీదికి పోయింది. వంపు బయటివైపు నీళ్ళకు వేగమెక్కువ, కోస్తుంది. లోపలివైపు వేగం తగ్గి, మోసుకొచ్చిన మట్టిని దించేస్తుంది. బయటివైపు వాళ్ళు, లోపలివైపు మేము. అదే చెప్పాను. చేత్తో గాలిలో వంపు గీసి మరీ చెప్పాను.

"ఒక్క చెట్టా?" అన్నాడాయన.

"చెట్టు లేకపోయినా ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే సామీ. వాగులు నిలకడగా ఉండవు."

ఆయన తలూపి అవతల మా వైపు పరుచుకున్న కొత్త నేలను చూశాడు. "అదంతా మా తోట మట్టే గదా," అన్నాడు. ఫిర్యాదుగా కాదు. చనిపోయిన మనిషి పోలిక ఎవరిలోనో కనిపిస్తే అంటామే, అట్లా అన్నాడు.

నేను అప్పుడు నోరు మూసుకుని ఉండవలసింది. కానీ చెప్పాను. "కాదు సామీ. అది ఎగువనుంచి వచ్చిన మట్టి. కోసిన మట్టి ఎదుటి గట్టుకు రాదు, కిందికి పోతాది. మీ మట్టి ఈ పాటికి కుందూ దాటి పెన్నలో ఉంటాది."

నేను చెప్పింది నిజమే. పుస్తకంలోనూ అదే ఉంటుంది. కానీ ఎందుకు చెప్పానంటే, మాది మాదే, మీది మా దగ్గర లేదు అని చెప్పడానికి. ఆ సంగతి మాట నోట్లోంచి రాగానే నాకు తెలిసింది. ఆయనకూ తెలిసిందేమో. "పెన్నలోనా," అని మాత్రం అని, వదిన దగ్గరికి పోయి మొక్కలు ఏరడంలో చెయ్యి కలిపాడు. నేను కూడా వంగాను. ముగ్గురం కలిసి ఏరినవి ఒక గంపకు కూడా రాలేదు.

మా అక్కకు ఇట్లాంటి బాధలేవీ లేవు. ఒండ్రు కాస్త ఆరి కాలు మోపనివ్వగానే మినుములు చల్లింది, గట్టు కింద గుమ్మడి విత్తనాలు పెట్టింది. ఆ నేల ఎట్లాంటిదంటే ఎరువు లేదు, దుక్కి లేదు, పైరు మాత్రం చెవులు రిక్కించుకుని లేచింది. నేను పోయినప్పుడల్లా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించేది. "చూడప్పా, ఎట్లుండాదో చూడు." నేను చూసేవాణ్ణి కాదు. నా కళ్ళు అవతలి గట్టుకే పోయేవి. అక్కడ మిగిలిన ముక్కలో ఆమె నాటుకున్న చామంతి రెండు సాళ్ళు వాడిపోయి ఉండేది. మోటారు గది ఎప్పుడో జారి వాగులో పడిపోయింది, నీళ్ళు పెట్టే దారి లేదు. గుడికి పంపే పూలను ఆమే ఇప్పుడు ఆళ్లగడ్డ అంగళ్ళలో కొనుక్కొచ్చి మాల కడుతోందని సామి ఒకసారి మామూలుగా చెప్పాడు. ఒకప్పుడు ఆ అంగళ్ళకు పూలు వేసింది ఆమే.

ఒక ఆదివారం ఊళ్ళో చర్చికి అక్కతో కలిసి పోయాను. సాక్ష్యాలు చెప్పే సమయంలో అక్క లేచి నిలబడింది. నాకు ముందుగా చెప్పలేదు.

"దేవునికి స్తోత్రము. వాగు వచ్చినప్పుడు మా పొలం పోతాదని ఏడ్చుకున్నాము. ఆయన పొలం కాపాడడమే కాదు, మేమడగని నేల ఇంకా ఇచ్చినాడు. ఈ సాక్ష్యం దేవుడు దీవించును గాక."

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ పెదాలు కదిలించాను. నా ముందు వరుసలో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, సంతోషంగా నా మోకాలు తట్టాడు. మా అక్క చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా నాకు ఆ గోడలు వాగు అవతలికి వినపడేంత పలుచగా ఉన్నట్టనిపించింది. దేవుడు మాకు నేల ఇచ్చాడంటే, వాళ్ళది తీసుకుందెవరు? అదే దేవుడు అనుకుంటే భయమేసింది. దేవుడు కాదు, చెట్టు అనుకుంటే అక్క సాక్ష్యం ఏమైపోవాలి? ఇంటికి నడుస్తూ ఆమెతో ఈ మాట అందామనుకున్నాను. ఆమె ముఖం చూసి అనలేకపోయాను.

కోతల పండుగకు ఆ కొత్త నేలలో కాసిన గుమ్మడికాయల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని బావ భుజాన వేసుకుని చర్చికి మోసుకొచ్చాడు. కానుకగా వచ్చినవన్నీ ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం వేస్తారు. అరటి గెలలు, కోళ్ళు, బియ్యం, జొన్నలు. గుమ్మడికాయ వంతు రాగానే నేను పాట పాడడం మొదలుపెట్టాను. ఎవరు పెంచినా పెంచాను. చివరికి నాకే వచ్చింది. "ఇంటికాడ పొలంలో ఇన్ని పడుండంగా నీకేం పిచ్చి పట్టిందప్పా?" అని అక్క అందరి ముందూ అడిగింది. చర్చికి పోయే దుడ్లే కదా అన్నాను. ఆ కాయ సామికి ఇవ్వాలని నేననుకున్న సంగతి చెప్పలేదు. దుడ్లు పెట్టి కొన్నానంటే ఆ కాయ మాది కాకుండా పోతుందని నాకేదో లెక్క.

దాన్ని నంద్యాలకు తీసుకుపోయి, ఆ వారమంతా ఇంట్లో పెట్టుకుని, శనివారం బస్టాండుకు తీసుకుపోయాను.

"ఏందప్పా ఇది? పెండ్లికి పోతాండావా?" అన్నాడు సామి.

"కోతల పండగ కాయ. మీ ఇంటికి."

ఆయన రెండు చేతులా అందుకుని, బస్సులో ఒడిలో పెట్టుకున్నాడు. శిరివెళ్ళ దాకా దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. తర్వాత అడిగాడు, "ఈ కాయ కొత్త నేలదేనా?"

అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. "ఊ," అన్నాను.

"అందుకే ఇంత పెరిగినాది," అన్నాడు. అంతే. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. సోమవారం స్టాఫ్ రూములో నా బల్ల మీద ఒక టిఫిన్ డబ్బా ఉంది. వదిన చేసిన గుమ్మడికాయ పులుసు, నాకని పంపింది. మధ్యాహ్నం అందరి ముందూ దాన్ని తినాల్సి వచ్చింది. బాగుంది సామీ అన్నాను. బాగానే ఉంది కూడా.

ఆ తర్వాత నుంచి శనివారాలు ఏదో ఒక పని కల్పించుకోవడం మొదలుపెట్టాను. పేపర్లు దిద్దాలనో, బ్యాంకు పనుందనో చెప్పి వెనక బస్సుకు పోయేవాణ్ణి. సామి రెండు మూడు సార్లు బస్టాండులో నాకోసం ఆగి చూశాడని తర్వాత తెలిసింది. ఎనిమిదో తరగతిలో నదుల పాఠం వచ్చింది. బోర్డు మీద వంపు గీసి, ఇక్కడ కోత, ఇక్కడ మేట అని చెబుతున్నాను. మా రెండు క్లాసులకు మధ్య ఉండేది చెక్క అడ్డమే. అవతల సామి పద్యం చెబుతున్న గొంతు ఆగిపోయింది. ఊరికే ఆగిందేమో, పుస్తకం పేజీ తిప్పుతున్నాడేమో. నేను మాత్రం గబగబా వంపు చెరిపేసి, పిల్లల్ని పుస్తకంలో చూసి రాసుకోమన్నాను.

చివరికి అక్కతో మాట్లాడాను. మినుములు కొట్టి కళ్ళంలో తూర్పారబడుతోంది.

"అక్కా, ఆ కొత్త నేల వాళ్ళకిచ్చేద్దాం."

చేట ఆపకుండానే అడిగింది. "ఎవురికి?"

"సామి వాళ్ళకి. వాళ్ళ తోట పోయింది గదా."

"నేను తీసుకున్నానా వాళ్ళ తోట?"

"అట్ల కాదు..."

"ఎట్ల మరి? వాగును నేను పిలిచినానా? రేపు వాగు ఇటు తిరిగి మాది కోసుకుని పోతే వాళ్ళిస్తారా?" చేట కింద పెట్టి నడుం మీద చేతులు పెట్టుకుంది. "నీకు బాధగుండాది. ఆ బాధ పోడానికి నా నేల ఇయ్యమంటాండావ్. నువ్వు సేద్యం జేస్తే ఇచ్చుకో."

ఆ పొలంలో నాకు భాగముందని అనవచ్చు. కానీ ఏళ్ళ తరబడి అక్కడ నడుం వంచింది వాళ్ళిద్దరే. నేను అన్నం తిని పోయేవాణ్ణి. ఆ రోజు అన్నం కూడా తినకుండా వచ్చేశాను. అక్కకు ఆ కోపం వారం దాకా పోలేదు.

తర్వాత జరిగింది నాకు సామి ద్వారానే తెలిసింది. ఒకరోజు స్టాఫ్ రూములో నా పక్కన వచ్చి కూర్చుని, "మీ అక్క మా ఇంటికొచ్చింది తెలుసా?" అన్నాడు.

కొట్లాడడానికి పోయిందేమో అనుకున్నాను. కాదట. పొద్దున్నే అహోబిలం బస్సెక్కి, వాళ్ళ ఇల్లెక్కడని గుడి దగ్గర అడుక్కుని, గడప బయట నిలబడి వదినను పిలిచిందట. సామి ఆ మాటలను మా అక్క గొంతుతోనే చెప్పాడు.

"అమ్మా, నాకు పూల సేద్యం రాదు. గట్టు కింద నేల మినుముకు వేసి పాడు చేస్తాండా. నువ్వు వచ్చి చామంతి పెట్టు. మోటారు మాది, నీళ్ళు మావి. కోరుకు చేసుకో. పంటలో సగం నాది, సగం నీది."

వదిన ఒప్పుకుందట.

ఆ వారం అక్క దగ్గరికి పోయి, సంతోషం పట్టలేక, ఒక మాట ఎక్కువ అన్నాను. "సగమెందుకక్కా, ఊరికే ఇచ్చేయొచ్చు గదా?"

అక్క నన్ను తెలివి తక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "ఊరికే ఇస్తే ఆయమ్మ వస్తాదా? నువ్వైతే పోతావా?"

చలికాలానికి పసుపు దుప్పటి మా గట్టు కిందికి వచ్చింది. తెల్లారి వదిన వాగు దాటి వచ్చి పూలు కోసేది. అక్క సగం గంపను నిజంగానే తీసుకునేది, ఆళ్లగడ్డలో అమ్మేది, ఒక్క పూవు వదలకుండా. మధ్యాహ్నం ఇద్దరూ గట్టు మీద కూర్చుని, ఎవరి డబ్బా వాళ్ళు తెరుచుకుని, ఎడంగా కూర్చుని తినేవాళ్ళు. మాటలు మాత్రం ఎడం లేకుండా సాగేవి. నేను సామితో మళ్ళీ ఒకే బస్సులో పోవడం మొదలుపెట్టాను. నా మనసు తేలికపడాల్సింది. కానీ ఒకరోజు బస్సులో పక్క సీటు ఆయనెవరో అడిగితే సామి మామూలుగా చెప్పాడు, "మా వదిన వీళ్ళ పొలంలో కోరుకు చేస్తాంది." వీళ్ళ పొలంలో. తన గట్టున తాను యజమానిగా ఉండిన మనిషి మా నేలలో కోరుకు వచ్చింది. చెప్పినాయన ముఖంలో ఏమీ లేదు. నాకే చెవులు వేడెక్కాయి.

మళ్ళీ వానకాలం వచ్చింది. ఒక పూట మబ్బు నల్లమల మీద దిగి కొండ కనిపించకుండా పోయింది. నంద్యాలలో మా మేడ మీద నిలబడి అటే చూస్తున్నాను. వాగు వస్తుందని తెలుస్తోంది. అప్పుడు నాలో ఒక కోరిక పుట్టింది. ఈసారి వాగు మావైపు రావాలి. ఆ కొత్త నేలను ఇచ్చినట్టే తీసుకుపోవాలి. అప్పుడు నాకు ఎవరికీ ఏమీ బాకీ ఉండదు. గట్టిగానే కోరుకున్నాను. అది మా అక్క నేల అనీ, అందులో వదిన పెట్టిన కొత్త నారు ఉందనీ ఆ క్షణంలో నాకు తోచలేదు.

మరునాడు అక్క ఫోన్ చేసింది. "మద్ది చెట్టు కొట్టుకుపోయింది. వాగు వంపు వదిలేసి నేరుగా వచ్చినాది. గట్టు కింద నేల సగం పోయింది."

"ఏ సగం?"

"పూల సగం. మిగిలిన సగంలో ఏముండాదప్పా ఆడ?"

నాకు మొదట కలిగింది హాయి. అబద్ధమెందుకు చెప్పాలి, ఊపిరి తేలికైంది. రెండో క్షణంలో అర్థమైంది. వదినకు తోట రెండోసారి పోయింది. మొదటిసారి నా ప్రమేయమేమీ లేదు, అయినా ఏడాదిపాటు కుమిలిపోయాను. ఈసారి కూడా వాగు నా మాట విని రాలేదని నాకు బాగా తెలుసు. తనకు ముందర పల్లం దొరికింది, వచ్చింది. కానీ నేను కోరుకున్నాను. దేవుని ముందు మోకరిల్లినప్పుడు ఏ తప్పు ఒప్పుకోవాలో తెలియక, ఇదొక్కటి ఒప్పుకున్నాను.

సామికి చెప్పలేదనుకోకండి. బస్సులోనే చెప్పాను. రావాలని కోరుకున్నాను సామీ అన్నాను. ఆయన ఆళ్లగడ్డ దగ్గర శిల్పాలు చెక్కే షెడ్లు దాటినాక అన్నాడు, "నేను పోయినేడు మొత్తం అదే కోరుకున్నా అప్పా. మీవైపు పోవాలని."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం. అయినా దిగాల్సింది ఒకచోటే కదా, దిగాం.

మేము పోయేసరికి గట్టు మీద అక్క, వదిన, బావ ముగ్గురూ ఉన్నారు. గట్టు పైన, మా పాత పొలంలో, మోటారుకు దగ్గరగా ఉండే మంచి మడి, అక్క ఎప్పుడూ వరి తప్ప ఇంకొకటి వేయనివ్వనిది, దాని ఒక పక్కన బావ పారతో సాళ్ళు తీస్తున్నాడు. వదిన తడి గోనెలో చుట్టి తెచ్చిన పిలకలు విడదీస్తోంది.

"ఇదేందక్కా?" అన్నాను.

"వాగు ఇంత ఎత్తుకు రాదు," అంది అక్క, పిలక ఒకటి అందుకుంటూ. "ఈడైతే ఉంటాది."

"కోరుకేనా?"

"కోరుకే." తల ఎత్తకుండా చెప్పింది. "నిలబడి చూస్తాండావేంది? పోయి ఆ మోటారు ఆన్ చెయ్యి. సామీ, మీరూ రండి, చెప్పులు ఆడ విడిచి."

నేను మోటారు దగ్గరికి పోయాను. ఏడాదికి పైగా నేను మనసులో మోసిన బరువుతో ఎవరికీ ఒక మొక్క కూడా బతకలేదు. ఏమాత్రం బాధపడని మా అక్క తనకున్న మంచి మడిలో చోటిచ్చింది, అందులో సగం తనదని కూడా చెప్పింది. స్విచ్ వేశాను. పైపు నుంచి నీళ్ళు దూకి, బావ తీసిన మొదటి సాలులోకి తిరిగాయి. వదిన కొంగు బిగించుకుని ఆ సాలు వెంట నడుస్తూ పిలకలు నాటడం మొదలుపెట్టింది, ఆమె వెనకే సామి.